ఎటు తోస్తే అటే తిరిగే మోటారు

"ఆ కేకు ముక్క నేను తినకుండా ఉండుంటే క్లెమ్ బతికుండేవాడు, సార్జెంట్."

మెర్వ్ టోలర్ పొద్దుటి నుంచి ఎవరు కనిపించినా ఇదే మాట అంటున్నాడు. యారబిండి గొర్రెల పొలంలోని షెడ్డులో ఉన్ని కత్తిరించే మరలకు పదును పెట్టే మేస్త్రీ ఆయన. అరవై దాటాయి. నిన్నటిదాకా ఆ షెడ్డులో ఆయన మాటకి ఎదురులేదు. ఇవాళ ఉన్నిమూట మీద ముడుచుకుని కూర్చుని, తన చేతుల్ని తనే పరాయివాడి చేతుల్లా చూసుకుంటున్నాడు.

సార్జెంట్ ఐరీన్ క్విల్టీ ఆయన పక్కనే ఇంకో మూట లాక్కుని కూర్చుంది. కూర్చోబెట్టి అడిగితే రాని జవాబు పక్కన కూర్చుంటే వస్తుందని ఆమె నమ్మకం.

జరిగింది చూస్తే చిన్న సంగతే. నిన్న పొద్దుటి స్మోకో ముగిసి, అంటే టీ విరామం అయిపోయి, పని గంట మోగబోయే ముందు కత్తిరింపు జట్టు కాంట్రాక్టరు క్లెమ్ హార్లాక్ మెర్వ్ గదిలోకి వెళ్ళాడు. మొద్దుబారిన దువ్వెన ఒకటి తీసుకుని తిరుగుతున్న పదునుబిళ్ళకి ఆనించాడు. దువ్వెన అంటే గొర్రె ఒంటిమీద నడిచే మరకి ముందుండే ఉక్కు పళ్ళ వరస. ఆనించిన మరుక్షణం పళ్ళెమంత ఉక్కుబిళ్ళ ఇరుసు వదిలి ఎదురుగా వచ్చి క్లెమ్ గుండెల మీద తగిలింది. ఆ మారుమూలకి డాక్టరు వచ్చి విమానం దిగేసరికి ప్రాణం లేదు.

చిన్న సంగతి కాదు, ఒక మనిషి పోయాడు. రెండోవాడు పోయేలా ఉన్నాడు. పై ఆఫీసు నుంచి ఊడిపడ్డ ఇన్‌స్పెక్టర్ రెక్స్ పామరాయ్, మెర్వ్ నిర్లక్ష్యమే క్లెమ్‌ని చంపిందని కారు దిగక ముందే తేల్చేశాడు. ఆ వయసులో మెర్వ్ జైలుకెళితే తిరిగి వచ్చేది శవపేటికలోనే.

"మోటారులో స్విచ్ పాడయిందటగా?" అడిగింది ఐరీన్.

"ఏ స్విచ్? గోడ మీదదా, కడుపులోదా?"

"కడుపులో కూడా ఉంటుందా?"

మెర్వ్ మొహంలో మొదటిసారి కాస్త ప్రాణం కనిపించింది. "గోడ మీదది బంగారం. చచ్చింది లోపలిది. మోటారుని పట్టి లేపడం వరకే దాని పని. లేచి ఊపందుకోగానే పక్కకి తప్పుకుంటుంది. అది మాడిపోయింది. ఇప్పుడు గోడ మీద స్విచ్ వేస్తే 'ఊఁ...' అని మూలుగుతుందంతే. కదలదు. ఎక్కువసేపు మూలగనిస్తే తగలబడుతుంది."

"మరి ఇన్నాళ్ళూ ఎలా నడిపావు?"

"మూలుగుతుండగానే బిళ్ళని చేత్తో ఒక్క తోపు తోస్తే చాలు, అందుకుంటుంది. మా ఆవిడ లాంటిదే. లేపడం కష్టం, లేచాక ఆపడం ఇంకా కష్టం." నవ్వబోయి, క్లెమ్ గుర్తొచ్చి ఆగిపోయాడు. "కొత్త స్విచ్ తెప్పించమని మేనేజరు హాస్కెట్‌ని అడిగాను. ఈ సీజను ఎలాగోలా చేత్తో కానిచ్చెయ్, వచ్చే ఏడాది కొత్త మోటారే కొందాం అన్నాడు. మంచాడే పాపం, పొమ్మనలేదు."

"బిళ్ళ ఎందుకు ఊడింది?"

"అదే తెలిస్తే నిన్న రాత్రి కాస్త కునుకు పట్టేది. దాన్ని ఇరుసుకి పట్టి ఉంచే నట్టు, బిళ్ళ తిరిగేకొద్దీ బిగుసుకుంటుంది తప్ప వదులవ్వదు. అలా చేసిందే అందుకు. ముప్ఫయ్యేళ్ళుగా ఇదే పని, సార్జెంట్. నా బిళ్ళ ఎన్నడూ ఊడలేదు."

"నిన్నటిదాకా," అంది వెనకనుంచి ఒక గొంతు.

పామరాయ్ వచ్చి నిలబడ్డాడు. ఆ దుమ్ములో అంత తెల్ల చొక్కా వేసుకొచ్చిన మనిషిని యారబిండి ఇంతకు ముందు చూసి ఉండదు. ఆయన పక్కనే మేనేజరు గోర్డన్ హాస్కెట్, టోపీ చేతిలో పట్టుకుని, చావింటికి వచ్చినవాడిలా మర్యాదగా నిలబడ్డాడు.

"పాడైన యంత్రం అని తెలుసు. తెలిసీ నడిపాడు. మనిషి చచ్చాడు. ఇంకేం కావాలి నీకు, క్విల్టీ? పంచాంగం చూసి ముహూర్తం పెట్టమంటావా?"

"ఆ యంత్రం దగ్గరికి ఇంకా మనం వెళ్ళనేలేదు, సర్."

"యంత్రాన్నా నేను అరెస్టు చేసేది?"

"వెళ్ళి చూస్తే ఎవర్ని చెయ్యాలో అదే చెబుతుందేమో."

పామరాయ్ పళ్ళు బిగించాడు. షెడ్డు లోపల మరలు హోరుమంటున్నాయి. చావొచ్చినా గొర్రెలు ఆగవు. పక్క షెడ్డు నుంచి పదునుపెట్టిన దువ్వెనలు తెప్పించుకుని ఆఖరి మందని కానిచ్చేస్తున్నారు. ఆఖరి గొర్రె బయటికి పోయిందంటే ఈ జట్టు సామాన్లు సర్దుకుని తలో షెడ్డుకీ చెదిరిపోతుంది. ఇక సాక్షిని పట్టుకోవాలంటే నాలుగు దిక్కులా వందల మైళ్ళు తిరగాలి. ఆ సంగతి పామరాయ్‌కీ తెలుసు.

"ఆఖరి గొర్రె దాకా. అంతే నీకిచ్చే టైము," అని బయటికి నడిచాడు.

వంటశాలలో నొలీన్ ఇనుప గిన్నె తోముతోంది. ముప్ఫైమంది మగవాళ్ళకి మూడు పూటలా వండి, మధ్యలో స్మోకోలు అందించి, వాళ్ళ నోళ్ళు మూయించగల మనిషి. ఐరీన్ లోపలికి రాగానే టీ కప్పు ముందుకు తోసింది.

"తాగు, అమ్మడూ. ఆ తెల్లచొక్కా ఆయనకి మాత్రం ఇవ్వను. నా బల్ల మీద ఫైలు పెట్టాడు."

"నిన్న స్మోకోలో మెర్వ్ ఇక్కడే ఉన్నాడా?"

"ఇదిగో, నువ్వు కూర్చున్న చోటే. కేకు అంచు ముక్క అంటే ప్రాణం ముసలాడికి. వాడికోసమే దాచా. అందరూ లేచాక కూడా నములుతూనే ఉన్నాడు. ఆ పళ్ళతో అంచు ముక్క తెమలాలంటే మాటలా?"

"క్లెమ్?"

"వాడూ ఇక్కడే. టీలో పంచదార ఎక్కువైందని సణుగుతూ కూర్చున్నాడు. ముందు వాడు లేచాడు. మెర్వ్ ఇంకా..." నొలీన్ చేతిలో పీచు ఆగింది. "ఆగాగు. అప్పుడే మెర్వ్ పదునుపెట్టే గ్రైండరు మొదలైంది."

ఐరీన్ కప్పు కింద పెట్టింది. "ఎప్పుడు?"

"క్లెమ్ లేవక ముందే. స్మోకోలో మరలన్నీ ఆపేస్తారుగా, చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. గ్రైండరు 'ఊఁ' అని, ఆ తర్వాత జోరందుకుంది. మెర్వ్ రాకముందే ఎవరు వేశారబ్బా అనుకున్నా. అడుగుదామనుకునేలోగా రొట్టె మాడిన వాసనొచ్చింది."

"ఫ్రిజ్ చప్పుడు కాదుగా?"

"నా మొగుడి గురకకీ నా ఫ్రిజ్ గురకకీ తేడా తెలీకుండానే ఇన్నేళ్ళు కాపురం చేశానా?"

ఐరీన్ లేచింది. గోడ మీద స్విచ్ వేస్తే చాలదు, చేత్తో తోయాలి. తోసే మెర్వ్ ఇక్కడ కేకు నములుతున్నాడు. బిళ్ళ తగిలి చచ్చిపోబోతున్న క్లెమ్ ఇక్కడ టీ తాగుతున్నాడు. మరి ఆ గదిలో ఉన్న చెయ్యి ఎవరిది?

మేస్త్రీ గది షెడ్డు చివర తగరపు రేకులతో కట్టిన చిన్న కొట్టు. బల్లకి బిగించిన మోటారు, దాని ఇరుసు కొసన పదునుబిళ్ళ ఉండాల్సిన చోట బోసి ఉక్కు. ఊడిన బిళ్ళ, దాని నట్టు, క్లెమ్ టోపీ ఒక గోనెపట్టా మీద వరసగా పెట్టి ఉన్నాయి. పామరాయ్ గుమ్మానికి చేరబడి చూస్తున్నాడు. ఐరీన్ వెంట డార్సీ పెన్రోజ్ అనే కత్తిరింపు మనిషి వచ్చాడు. జట్టులో చెయ్యి తిరిగినవాడు. నిన్న క్లెమ్ చేతికి మొద్దు దువ్వెన ఇచ్చింది అతనే.

ఐరీన్ ముందు నట్టుని ఎత్తి కిటికీ వెలుగులో తిప్పి చూసింది. లోపలి చుట్లు చెక్కుచెదరలేదు. విరిగి ఊడలేదు, లాగేస్తే ఊడలేదు. సీసా మూత తీసినంత సుళువుగా తిరిగి తిరిగి వదిలింది.

"ముసలాడు సరిగ్గా బిగించలేదు," అన్నాడు పామరాయ్.

ఆమె జవాబివ్వకుండా నేల చూసింది. బల్ల కింద నల్లటి రజను కుప్పపడి ఉంది. ఏళ్ళ తరబడి ఉక్కు అరిగిన పొడి. ఆ తర్వాత తల పైకెత్తింది. నెత్తిమీద రేకు పాతదే, బూడిదరంగు దుమ్ము పట్టి ఉంది. కానీ బల్లకి సరిగ్గా పైన ఆ దుమ్ము మీద నల్లటి చుక్కలు. వేలితో తుడిచింది. రజను. కొత్తది.

క్లెమ్ టోపీ తీసుకుంది. పైభాగం శుభ్రంగా ఉంది. బోర్లించి అంచు అడుగున చూసింది. అక్కడ మిరియాలు చల్లినట్టు నల్లటి కాలిన మచ్చలు.

"డార్సీ, మెర్వ్ పదును పెడుతుంటే నిప్పురవ్వలు ఎటు పడతాయి?"

"కిందికే. వాడి బూట్లు చూళ్ళేదా మీరు? ముందంతా చిల్లులే. జల్లెడ."

"నిన్న?"

డార్సీ గుమ్మం వైపు చూపించాడు. "నేను ఈ గుమ్మంలోనే ఉన్నా. గ్రైండరు అప్పటికే తిరుగుతోంది. క్లెమ్ దువ్వెన ఆనించగానే రవ్వలు పైకి లేచి మొహంలోకి కొట్టాయి. 'ఇదేం ఖర్మరా' అన్నాడు. అదే ఆఖరి మాట. నేనేదో భ్రమపడ్డాననుకున్నా, అందుకే ఎవరికీ చెప్పలేదు."

"భ్రమే," అన్నాడు పామరాయ్. "రవ్వలు పైకి లేవాలంటే మోటారు వెనక్కి తిరగాలి. మోటారు తీగలు ఎలా కలిపితే అలాగే తిరుగుతుంది. తీగల పెట్టె మీద రంగు చూడు, పగుల్లేదు. ఏళ్ళుగా ఎవరూ విప్పలేదు. నేను కళ్ళు మూసుకుని రాలేదిక్కడికి, క్విల్టీ."

అది నిజమే. పెట్టె మరమేకులు రంగు పూసినవి పూసినట్టే ఉన్నాయి.  నిప్పురవ్వలు అబద్ధమాడవు. రంగూ అబద్ధమాడదు. రెండూ నిజమైతే మిగిలింది మోటారే.

"బిళ్ళ లేదుగా, ఇప్పుడు తిప్పితే ప్రమాదం లేదు," అంటూ ఆమె గోడ మీది స్విచ్ వేసింది.

"ఊఁ..."

రేకుల గది అంతా ఆ మూలుగుతో నిండింది. బల్ల సన్నగా వణికింది. బోసి ఇరుసు మాత్రం కదల్లేదు. ఉన్నచోటే బిగుసుకుని, ఎటు పోవాలో ఎవరైనా చెప్పకపోతారా అని ఎదురుచూస్తున్నట్టుంది. వెంటనే ఆపేసింది. మోటారు తనంతట తాను లేవదన్న మెర్వ్ మాట అక్షరాలా నిజం.

"డార్సీ, మూటలు కుట్టే పురికొస ఇవ్వు."

పురికొసని ఇరుసుకి మెర్వ్ తిప్పే వైపుకి చుట్లు చుట్టింది. స్విచ్ వేసి, మూలుగు లేవగానే పురి లాగింది. పురి జారి చేతిలోకి వచ్చేసింది. ఇరుసు ఒక్క ఊపు ఊగి, ఆ ఊపుని పట్టుకుని, క్షణంలో హోరెత్తింది. ఆమె గొర్రె ఉన్ని పోగొకటి కర్రకొసన పెట్టి, మెర్వ్ దువ్వెన ఆనించే పక్కన తాకించింది. పోగు సర్రున కిందికి దూసుకుపోయి బూట్ల మీద పడింది.

"చూశాంగా," అన్నాడు పామరాయ్. "సవ్యంగానే తిరుగుతోంది."

ఐరీన్ ఆపింది. ఇరుసు పూర్తిగా నిలిచేదాకా ఆగింది. ఈసారి పురిని రెండో వైపుకి చుట్టింది. స్విచ్ వేసేముందు ఆమె చెయ్యి ఒక్కసారి ఆగింది. వెర్రి పని చేస్తున్నానా అనిపించింది.

స్విచ్. మూలుగు. పురి లాగింది.

మోటారు అటువైపుకి లేచింది.

ఎదురుతిరగలేదు, తడబడలేదు, పళ్ళు కొరకలేదు. ఇందాక ఎంత ఇష్టంగా ఇటు తిరిగిందో ఇప్పుడు అంతే ఇష్టంగా అటు తిరుగుతోంది. అదే హోరు, అదే జోరు. కళ్ళు చించుకుని చూసినా ఇరుసు ఎటు తిరుగుతోందో తెలియదు, మెరుస్తున్న ఉక్కు మాత్రమే కనిపిస్తుంది. ఐరీన్ ఉన్ని పోగు తాకించింది. అది రివ్వున పైకి లేచి ఆమె నుదుటికి తగిలి, రేకుకి కొట్టుకుని, మెల్లగా దిగుతూ వచ్చింది.

 డార్సీ టోపీ తీసేశాడు, ఎందుకు తీశాడో అతనికే తెలియదు. పామరాయ్ గుమ్మం వదిలి మోటారు దగ్గరికి వచ్చి వంగి చూస్తూ ఉండిపోయాడు.

 ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఐరీన్ అబద్ధాలు చెప్పేవాళ్ళని చూసింది, నిజాలు దాచేవాళ్ళని చూసింది. ఇలాంటి సాక్షిని ఎన్నడూ చూడలేదు. లోపలి స్విచ్ బతికున్నంతకాలం ఈ మోటారుకి ఒక దిక్కు ఉండేది. ఆ చిన్న ముక్క చచ్చిపోగానే దిక్కన్నదే పోయింది. బలం మాత్రం చెక్కుచెదరలేదు. మొదట ఏ చెయ్యి తాకితే ఆ చేతి మాటే దానికి వేదం. తోసినవాడు మంచివాడా, హంతకుడా అని అడగదు. ఇంత బలం ఇంత అమాయకంగా ఒకచోట ఉండగలదని ఆమె ఊహించలేదు. భయమూ వేసింది, దణ్ణం పెట్టాలనీ అనిపించింది.

"ఓరి దేవుడా," అన్నాడు డార్సీ. "ఇది పూనకం వచ్చినట్టుందే!"

ఐరీన్ స్విచ్ ఆపింది. "వెనక్కి తిరిగితే నట్టు బిగుసుకోదు, వదులవుతుంది. దువ్వెన ఆనించి ఒత్తిడి పెట్టగానే పూర్తిగా ఊడి వస్తుంది. బిళ్ళ మొహం మనిషికి ఎదురుగా ఉంటుంది కాబట్టి నేరుగా గుండెకే."

పామరాయ్ తేరుకున్నాడు. "సరే, ఒప్పుకున్నా. క్లెమ్‌కి అలవాటు లేదు. తప్పువైపు తోశాడు. ప్రమాదమే."

"నొలీన్ గ్రైండరు చప్పుడు విన్నప్పుడు క్లెమ్ ఆమె ఎదుట టీ తాగుతున్నాడు. మెర్వ్ కేకు తింటున్నాడు. మూడో మనిషి వచ్చి వెనక్కి తోసి, తిరుగుతూ వదిలేసి వెళ్ళాడు. తిరిగే బిళ్ళని చూసి ఎటు తిరుగుతోందో ఎవరూ పోల్చలేరు. ఇప్పుడు మన ముగ్గురం పోల్చలేకపోయాంగా, సర్?"

"అంటే హత్య." పామరాయ్ గొంతు తగ్గింది. వెంటనే మళ్ళీ లేచింది. "అయితే మరీ తేలిక! క్లెమ్ హార్లాక్ మీద పగ ఉన్నవాళ్ళెవరు? కాంట్రాక్టరన్నాక సగం జట్టుకి పడదు. ఒక్కొక్కణ్ణీ పిలు."

"ఆ ప్రశ్నే తప్పు, సర్."

"నాకు ప్రశ్నలు నేర్పిస్తున్నావా?"

"డార్సీ," అంది ఆమె పామరాయ్ వైపు చూడకుండానే, "నీ దువ్వెన మొద్దుబారితే నువ్వే వచ్చి పదును పెట్టుకుంటావా?"

డార్సీ తన తల్లిని తిట్టినట్టు చూశాడు. "మేస్త్రీ బిళ్ళ మీద చెయ్యా? ఏ షెడ్డులోనైనా అడగండి. తాగి పడిపోయినవాడు కూడా అంత పని చెయ్యడు. చేస్తే ఆ పూటే మూట సర్దుకోవాలి. మేస్త్రీ చేతికిస్తాం, మేస్త్రీ చేతి నుంచి తీసుకుంటాం. ఈ గది గుమ్మం దాటం."

"మరి క్లెమ్?"

"క్లెమ్ కూడా దాటేవాడు కాదు. నిన్న ఒక్కరోజే." అతను చేతిలోని టోపీ నలిపాడు. "గంట మోగబోతోంది, మెర్వ్ రాలేదు. నేనే తొందరపెట్టా. 'ఇలా తే, ముసలాడికి చెప్పకు' అని నవ్వుతూ లోపలికెళ్ళాడు."

ఐరీన్ పామరాయ్ వైపు తిరిగింది. "రోజూ స్మోకో అయ్యాక ఈ బిళ్ళ ముందు నిలబడేది ఒకే ఒక్కడు. ఉచ్చు పన్నినవాడికి అది బాగా తెలుసు. క్లెమ్‌ని చంపాలని ఎవరూ అనుకోలేదు, సర్. మీరు బేడీలు వెయ్యబోయిన మెర్వే చావాల్సినవాడు. కేకు అంచు ముక్క కాపాడింది."

 పామరాయ్ మొహం మీద మొదటిసారి గర్వం స్థానంలో ఇంకేదో వచ్చింది. మనిషి మొండివాడే గానీ మూర్ఖుడు కాడు. కళ్ళెదుట ఉన్ని పోగు పైకి లేవడం ఆయనా చూశాడు.

"ఎవరు?" అన్నాడు.

"ఈ మోటారు వెనక్కి కూడా తిరుగుతుందని ముందే తెలిసినవాడు. డార్సీ, మీలో ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు. ఇప్పుడేగా చూశాం. మెర్వ్‌కి తెలిసుండాలి."

"అయితే మెర్వ్‌నే అడుగుదాం, ఎవరికి చెప్పాడో. పిలవండి."

పామరాయ్ కాలరు సవరించుకున్నాడు. "ఇక్కడ లేడు. నువ్వు వంటశాలకి వెళ్ళగానే టౌను స్టేషనుకి పంపించేశా. ఆఖరి గొర్రె దాకా టైమిచ్చాను గానీ, వాణ్ణి ఇక్కడే ఉంచుతానని అన్లేదుగా."

"ఎవరితో?"

"మేనేజరు తన బండిలో దింపుతానన్నాడు. మర్యాదస్థుడు."

 ఐరీన్ షెడ్డు గోడకి తగిలించిన రేడియో దగ్గరికి నడిచింది. యారబిండి బండ్లన్నిటిలోనూ అలాంటిదే ఒకటి ఉంటుంది. పొలం ఈ కొస నుంచి ఆ కొసకి మాట్లాడుకోవడానికి అదే దిక్కు. మీట నొక్కింది.

"హాస్కెట్ గారూ, సార్జెంట్ క్విల్టీని. మెర్వ్‌తో ఒక్క మాట మాట్లాడాలి."

గరగరమంది. తర్వాత మెర్వ్ గొంతు, పొద్దుటికంటే తేలిగ్గా: "చెప్పండి, సార్జెంట్. హాస్కెట్ బండి నడుపుతున్నాడు, నేనే పట్టుకున్నా దీన్ని."

"మెర్వ్, నీకు శుభవార్త. తప్పు నీది కాదు. ఎవరో మోటారుని వెనక్కి తిప్పి వదిలారు. అది అలా తిరుగుతుందని నీకు ముందే తెలుసా?"

"వెనక్కా?" మెర్వ్ నుదురు చరుచుకున్న చప్పుడు. "అయ్యో... అయ్యో, నాకు తట్టనేలేదే! చూశాను సార్జెంట్, ఒకేసారి. స్విచ్ పోయిన మొదటి రోజు పొరపాటున అటు తోశా. నట్టు వదులవుతుంటే చప్పున ఆపేశా. మేమిద్దరం నోరెళ్ళబెట్టాం. ఏం హాస్కెట్, గుర్తుందా? నువ్వు పక్కనే ఉన్నావుగా ఆ రోజు!"

 ఐరీన్ ప్రశ్న మెర్వ్ ఒక్కడికే కాదు, ఆ బండిలో ఉన్న ఇద్దరికీ వినిపించింది. 

"మెర్వ్," అంది ఆమె, "ఎంతదూరం వెళ్ళారు? టౌను రోడ్డెక్కారా?"

"టౌనుకి కాదు, ముందు ఉత్తరపు కంచె వైపు వెళుతున్నాం. దువ్వెనలు ఊరికే ఎందుకు మొద్దుబారుతున్నాయో పోయిన వారం నుంచీ ఈయన్ని సతాయిస్తున్నా. యారబిండి అంతా నల్లరేగడేగా, మరి దువ్వెనల్ని అరగదీస్తున్న ఎర్ర ఇసుక మన గొర్రెల ఉన్నిలో ఎక్కడిది? ఎర్రమట్టి ఉన్నది కంచె అవతలివాళ్ళ పొలంలో. ఎవరికీ చెప్పకు, నేనే చూపిస్తా అని ఇవాళ్టికి దారిలో పడ్డాడు. ఇన్నాళ్ళకి నా మాట పట్టించుకున్నాడు, సార్జెంట్!"

పరాయి గొర్రెలు. హాస్కెట్ కంచె అవతల నుంచి తోలుకొచ్చిన దొంగ గొర్రెలు. వాటి ఉన్ని యారబిండి మూటల్లో. ఆ సంగతి పట్టుకున్నవాడు ఈ భూమ్మీద ఒక్కడే. తను పట్టుకున్నది దొంగతనమని వాడికింకా తెలియదు.

పామరాయ్ అప్పటికే కారు తాళాలు తీసి ఆమె అరచేతిలో కుక్కాడు. "దారి నీకే తెలుసు. నువ్వు నడుపు," అన్నాడు. ఆ గొంతులో అధికారం లేదు.

"మెర్వ్, జాగ్రత్తగా విను. ఉన్నచోటే..."

"ఒక్క నిమిషం సార్జెంట్, గేటొచ్చింది. దిగి తీసొస్తా."

ఆ గొర్రెల సీమలో బండిలో పక్కన కూర్చున్నవాడే దిగి గేటు తీస్తాడు. నడిపేవాడు కదలడు. చిన్నపిల్లాడికైనా తెలిసిన మర్యాద అది.

"దిగకు! మెర్వ్, దిగకు!"

తలుపు తెరుచుకున్న చప్పుడు. మూసుకున్న చప్పుడు. ఎండిన గడ్డి మీద దూరమవుతున్న బూట్లు. తర్వాత మర్యాదస్థుడి గొంతు, చాలా దగ్గరగా, చాలా నెమ్మదిగా వినిపించింది.

"మెర్వ్ బండి ముందు, గేటు దగ్గరున్నాడు, సార్జెంట్. వచ్చాక మీరు పిలిచారని చెబుతాను."

హాస్కెట్ వేలు మీట మీద నుంచి తీయడం మరిచిపోయినట్టున్నాడు. ఇంజను ఒక్కసారిగా గట్టిగా అరవడం షెడ్డులో అందరికీ వినిపించింది.